మా నాయన కట్టిన ప్రభ

పిల్లలూ,

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు చూసివచ్చిన ఒక అమ్మాయి ఈ పేజీకి కార్డు రాసింది. "మాస్టారూ, ప్రభ అంత ఎత్తున ఉంటుంది గదా! గతుకుల దారిలో అటూ ఇటూ ఊగుతూ వస్తుంది గదా! మరి పడిపోదేం?" అని అడిగింది.

మంచి ప్రశ్న. దీనికి జవాబు పుస్తకం చూసి రాయవచ్చు. కాని నాకు ఆ జవాబు చెప్పినది పుస్తకం కాదు, మా నాయన. అందుచేత ఈ నెల మా నాయన సంగతి చెబుతాను. అమ్మాయి అడిగినదానికి జవాబు మధ్యలో దానంతట అదే వస్తుంది.

కోటప్పకొండ చూడనివాళ్ళు కూడా ఈ పేజీ చదువుతారు గనుక ముందు నాలుగు మాటలు. ఆ కొండ నరసరావుపేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరాన ఉన్నది. నా చిన్నతనంలో అది గుంటూరు జిల్లా. 2022 నుంచి పల్నాడు జిల్లా. కొండకు మూడు శిఖరాలు ఉన్నందువల్ల త్రికూటాద్రి అనీ, పైన వెలసిన శివుణ్ణి త్రికూటేశ్వరుడనీ అన్నారు. మా వైపు రైతులకు మాత్రం ఆయన ఒట్టి కోటయ్య. నేను పనిచేసిన ప్రతి బళ్ళోనూ హాజరుపట్టీలో ఇద్దరు ముగ్గురు కోటయ్యలూ, కోటేశ్వరరావులూ, ఒక కోటేశ్వరమ్మా తప్పకుండా ఉండేవారు. శివరాత్రి నాడు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు కొండ కిందికి వస్తాయి. బండి మీద రెండు పొడుగాటి సరుగుడు వాసాలు నిలబెట్టి, వాటికి అడ్డంగా వెదురు బద్దలు కట్టి, పెద్ద తడికలాగా అల్లుతారు. దానికి రంగు గుడ్డలు, కాగితపు పూలు, అద్దాలు, గంటలు, దేవుళ్ళ పటాలు కడతారు. ఇప్పుడు 80, 90 అడుగుల ప్రభలు వస్తున్నాయి. వాటి నిండా విద్యుద్దీపాలు. మా చిన్నప్పుడు ప్రభ ఎత్తును బారలలో చెప్పేవారు. రెండు చేతులూ చాచితే ఒక బార, అంటే సుమారు ఆరడుగులు.

మా ఊరి ప్రభ కట్టేది మా నాయన.

ఆయన వడ్రంగి కాడు, రైతు. ఆరెకరాల నల్లరేగడి, ఒక జత ఒంగోలు ఎద్దులు, పత్తీ మిరపా పైరు. చదువు మూడో తరగతి. ఊళ్ళో వడ్రంగీ ఉన్నాడు, కమ్మరీ ఉన్నాడు. అయినా గొర్రుకు చెక్క విరిగినా, గిలక తిరగక బిగుసుకుపోయినా, ఎవరి తలుపు గడియ పడకపోయినా మా ఇంటికే వచ్చేవారు. ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన నిలబడి చూడటం ఆయనకు అలవాటు. కమ్మరి కొలిమి దగ్గర గంటసేపు మాట్లాడకుండా కూర్చునేవాడు. 1955 డిసెంబరులో నెహ్రూగారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేసిన తరువాత ఆ ఆనకట్ట పనికి మా వైపు నుంచి చాలామంది కూలికి వెళ్ళారు. మా నాయన కూడా రెండు వేసవులు వెళ్ళాడు. రాళ్ళతో కట్టిన ఆనకట్ట అది. మనుషులే రాళ్ళు మోశారు. అక్కడ పరంజాలు కట్టేవాళ్ళను చూసి ఆయన తాళ్ళ ముళ్ళన్నీ నేర్చుకొచ్చాడు. కూలి డబ్బులు ఎంత తెచ్చాడో నాకు తెలియదు గాని, ఆ ముళ్ళు మాత్రం ఇంటిల్లిపాదికీ నేర్పాడు.

భక్తి అంటారా, తెల్లవారకముందే బావి దగ్గర స్నానం, నుదుట విభూతి, దేవుడిగూట్లో దీపం. సోమవారం ఒంటిపూట భోజనం. అంతే. పాడేవాడు కాడు, గట్టిగా ప్రార్థన చేసేవాడు కాడు. ఏ పనిముట్టు చేతిలోకి తీసుకున్నా "శివా" అనేవాడు. ఉలి పట్టినా శివా, బాడిస పట్టినా శివా. అట్లా అంటేనే పనిముట్టు తెగుతుంది కాబోలునని నేను అనుకునేవాణ్ణి. బళ్ళో పెన్సిలు చెక్కుకునేటప్పుడు "శివా" అన్నందుకు బెంచీ బెంచీ అంతా నవ్వింది.

ఆయన తాళ్ళు ఆయనే పేనుకునేవాడు. మిరపచేను గట్ల వెంట గోగు వేసేవాడు. గోంగూర పచ్చడికి ఆకు కోసుకోగా, మొక్క నిలువెత్తు పెరిగేది. దాన్ని కోసి, కట్టలు కట్టి, చెరువులో మునిగేట్టు రాళ్ళు పెట్టి నానవేసేవాళ్ళం. పది పదిహేను రోజులకు కుళ్ళి ఆ కంపు ఊరంతా వచ్చేది. బెరడు లాగితే తెల్లని నార ఊడివచ్చేది. ఆ నార ఉతికి, ఆరేసి, పురిపెట్టి, మూడు పేటలు కలిపి మోకు పేనేవాడు. పేనేటప్పుడు ఒక కొన నేను పట్టుకోవాలి. ఏమాత్రం వదులు చేసినా ఆయనకు రెండో కొనలో తెలిసిపోయేది. అప్పుడు నా వైపు చూసేవాడు. ఆ చూపు కంటె దెబ్బ నయం.

ఇక ప్రభ ఎందుకు పడదో చెబుతాను. ఒక చీపురును అరచేతిలో నిలువుగా నిలబెట్టి చూడండి. బరువైన వైపు పైన ఉంటే ఒక రకంగా, కింద ఉంటే ఒక రకంగా నిలుస్తుంది. ప్రతి వస్తువుకూ దాని బరువంతా ఒక్కచోట చేరినట్టు లెక్క వేయదగిన చోటు ఒకటి ఉంటుంది. దాన్ని గరిమనాభి అంటారు. ఆ చోటు నుంచి తిన్నగా కిందికి గీత గీస్తే, అది చక్రాల మధ్య నేల మీద పడినంతవరకు బండి ఒరిగినా పడదు. అది ఎంత కిందికి ఉంటే అంత మంచిది. అందుకే మా నాయన బండి అడుగున ఇసుక బస్తాలు వేయించేవాడు. పైన తేలిక, కింద బరువు. గరిమనాభి అనే మాట ఆయన ఎన్నడూ వినలేదు. "కోటయ్య పాదాలు నేల మీద ఉండాలిరా" అనేవాడు.

రెండోది గాలి. గుడ్డను సందు లేకుండా కప్పితే ప్రభ తెరచాప అయి కూర్చుంటుంది. అందుచేత గుడ్డకూ గుడ్డకూ మధ్య జానెడు సందు వదిలేవాడు. మూడోది మోకులు. ప్రభ పైభాగాన కట్టిన మోకులను నాలుగు వైపులా మనుషులు పట్టుకుని నడుస్తారు. ఇటు ఒరిగితే అటువాళ్ళు లాగుతారు, అటు ఒరిగితే ఇటువాళ్ళు. కాబట్టి అమ్మాయీ, నువ్వు చూసినది బండి మీద నిలబడిన కర్ర కాదు, నాలుగు దిక్కులా మనుషులు పట్టి నిలబెట్టిన కర్ర.

మోకుల విషయంలో ఒక చిత్రం ఉన్నది. నారతో పేనిన తాడు తడిస్తే పొడుగు తగ్గుతుంది! నార నీళ్ళు పీల్చి లావెక్కుతుంది. లావైన పోగుల చుట్టూ మెలి తిరగాలంటే తాడు పొట్టి కాక తప్పదు. నమ్మకం లేకపోతే పురికొసకు ఒక చిన్న రాయి కట్టి వేలాడదీసి, రాయి ఎక్కడ ఉన్నదో గోడ మీద గుర్తు పెట్టి, పురికొసను తడిపి చూడండి. 1586 లో రోము నగరంలో డొమెనికో ఫాంటానా అనే ఇంజనీరు సుమారు 25 మీటర్ల ఏకశిలా స్తంభాన్ని వందలాది మనుషులతోనూ గుర్రాలతోనూ లేవనెత్తించాడు. ఆ సమయంలో తాళ్ళు వదులై తెగబోతుంటే, "తాళ్ళకు నీళ్ళు కొట్టండి!" అని ఒక నావికుడు అరిచాడని అక్కడివారు కథ చెప్పుకుంటారు. మా నాయనకు రోము ఎక్కడ ఉన్నదో తెలియదు. కాని కొండ కింద జాగారం చేసిన రాత్రి, మంచు పడి మోకులు బిగుసుకున్నాయని తెల్లవారుజామున లేచి ఒక్కొక్కదాన్నీ సడలించేవాడు. మధ్యాహ్నం ఎండకు అవి వదులైతే మళ్ళీ బిగించేవాడు.

ఇదంతా చదివి మా నాయన ఎన్నడూ పొరపాటు చేయడని మీరు అనుకుంటారేమో. చేశాడు. ఆ సంగతి చెప్పటానికే ఇంత దూరం వచ్చాను.

అది 1971. నేను ఏడో తరగతి. ఆ ఏడు పొరుగూరి ప్రభ తొమ్మిది బారలని తెలిసింది. మాది ఎప్పుడూ ఎనిమిదే. మన ఊరు కూడా తొమ్మిది కట్టాలని కుర్రవాళ్ళు పట్టుబట్టారు. పెద్దలు చందాలు పోగుచేసి, సముద్రం ఒడ్డున ఉన్న తోటల నుంచి రెండు కొత్త సరుగుడు వాసాలు తెప్పించారు. మా నాయన వాటిని పక్షం రోజులు కాలువ నీళ్ళలో నానవేయించాడు. 1967 నుంచి సాగరు కుడి కాలువ మా పొలాలకు వస్తున్నది గనుక నీళ్ళకు కరువు లేదు. నీళ్ళలో నానితే కర్రలోని పిండిపదార్థం కరిగిపోతుంది, దాని కోసం వచ్చే పురుగు పట్టదు. తరువాత వాసాలు బయటకు తీసి ఎండవేశారు.

శివరాత్రికి రెండు రోజుల ముందు ఆయన వాసాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సుత్తి కాడతో ఈ కొన నుంచి ఆ కొన దాకా తట్టుకుంటూ వెళ్ళాడు. ఒక వాసం ఆసాంతం ఖంగుఖంగుమన్నది. రెండో వాసం మొదలు దగ్గర, ఒక బార మేర, బొద్దుగా పలికింది. లోపల పుచ్చు ఉంటే కర్ర అట్లా పలుకుతుంది. ఆయన మూడుసార్లు తట్టాడు. నన్ను పిలిచి చెవి ఆనించమన్నాడు. నాకూ తేడా తెలిసింది.

ప్రభ ఊగినప్పుడు కర్ర మీద పడే బలమంతా మొదలు దగ్గరే పడుతుంది. పుచ్చు కొనలో ఉంటే ఫరవాలేదు, మొదట్లో ఉంటే ముప్పు. ఇంకో వాసం తెచ్చే వ్యవధి లేదు. మా నాయన రంపం తెమ్మన్నాడు.

ఊరంతా చేరింది. ఒక పెద్దాయన, మా నాయనకు బావ వరస, "నీకేం మతి పోయిందా? పదిమంది చందాలిచ్చిన కర్ర. చూస్తే నిగనిగలాడుతున్నది. పుచ్చు నీ చెవిలో ఉన్నది" అన్నాడు. కుర్రవాళ్ళు ఇంకా ఏవేవో అన్నారు. మా నాయన "మోకులు పట్టే నలభై మందిలో నీ కొడుకు కూడా ఉన్నాడు బావా" అని మాత్రం అని, "శివా" అని రంపం పెట్టాడు. చెడ్డదనుకున్న వాసం ఒక బార కోశాడు. రెండూ సమానంగా ఉండాలి గనుక ఖంగుమన్న వాసం కూడా ఒక బార కోయవలసి వచ్చింది. అది కోసేటప్పుడు ఎవ్వరూ మాట్లాడలేదు.

తొమ్మిది బారలు కావలసిన ప్రభ ఎనిమిది బారలతో కొండకు వెళ్ళింది. పొరుగూరివాళ్ళు మా ప్రభ పక్కనే తమ ప్రభ నిలిపి డప్పులు వాయించారు. నేను బళ్ళో ముఖం ఎత్తుకోలేకపోయాను. మా నాయన మీద కోపంతో కొండ మెట్లు ఆయనతో కలిసి ఎక్కలేదు, స్నేహితులతో ఎక్కాను.

తిరునాళ్ళ మరునాడు ప్రభ క్షేమంగా ఊరు చేరింది. ఆ సాయంత్రం ఆయన కోసిన మొద్దును రచ్చబండ దగ్గరకు మోసుకొచ్చాడు. ఎవరూ అడగలేదు. ఇంట్లోనే కోసి చూసుకుని, పొయ్యిలో పెట్టి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. అందరి ముందూ పెట్టి, నన్ను రెండో వైపు రంపం పట్టుకోమని, మొద్దును నిలువునా రెండు బద్దలుగా కోశాడు. లోపల పుచ్చు లేదు. పురుగు లేదు. ఎర్రగా, నిక్షేపంలాగా ఉన్నది కర్ర.

ఆయన లోపలి వైపు అరచేతితో రాశాడు. "తడి. కొన ఆరింది, మొదలు లావు గనుక ఆరలేదు. అందుకు అట్లా పలికింది. కర్రలో లోపం లేదు, నా లెక్క తప్పు" అన్నాడు.

"అయితే మా బార మాకు ఇప్పుడెవరిస్తారు?" అని ఒక కుర్రవాడు అరిచాడు. కొందరు నవ్వారు. మా నాయన దానికి జవాబు చెప్పలేదు. బద్దలు రెండూ భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. వెనక రంపం పట్టుకుని నేను నడిచాను. నాకు ఏడుపు వచ్చింది. ఊరి ముందు ఆ మొద్దు ఎందుకు కోయాలి అని ఇంటికి వెళ్ళాక అమ్మ కూడా అడిగింది. "వాళ్ళ డబ్బుతో తెచ్చిన కర్ర గదా, వాళ్ళు చూడొద్దూ?" అన్నాడు.

మరుసటి ఏడు ప్రభ కట్టే పని ఇంకొకరికి అప్పగించారు. ఆయన తొమ్మిది బారలు కట్టాడు. ఆ ప్రభ బ్రహ్మాండంగా వెళ్ళి, బ్రహ్మాండంగా తిరిగివచ్చింది. కథలలో అయితే అది కూలిపోయి మా నాయన మాటే నిజమయ్యేది. అటువంటిదేమీ జరగలేదు. ఆ ఏడు మా నాయన కుర్రవాళ్ళ పక్కన నిలబడి ఒక మోకు పట్టుకుని కొండ దాకా నడిచాడు, తిరిగి వచ్చాడు.

ఆ పై ఏడు పెద్దలు మళ్ళీ మా ఇంటికి వచ్చారు. ఎందుకు వచ్చారో నాకు తెలియదు. వచ్చినవారిలో బావ వరస పెద్దాయన కూడా ఉన్నాడు. మా నాయన ఒప్పుకున్నాడు గాని, ఈసారి వాసాలను సుత్తితో తట్టి ఊరుకోలేదు. ఒక్కొక్క వాసం మొదలును రెండు పెద్ద రాళ్ళ మధ్య అడ్డంగా బిగించి, కొనకు మిరపకాయల టిక్కీ ఒకటి వేలాడదీశాడు. టిక్కీ అంటే సుమారు 40 కిలోల బస్తా. కొన ఎంత కిందికి వంగిందో పుల్లతో కొలిచి, బస్తా తీసేసిన తరువాత తిరిగి పైకి లేచిందా లేదా చూశాడు. రెండు వాసాలూ ఒక్క తీరున వంగి, ఒక్క తీరున లేస్తేనే బండి ఎక్కించేవాడు. కర్ర లోపలి లోపాన్ని ధ్వనితో కనిపెట్టే యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. అవి ధ్వని కర్ర గుండా ఎంత వేగంగా పోతున్నదో లెక్కకడతాయి. వాటిని కూడా తడి కర్ర తికమకపెడుతుంది. తల్లిదండ్రులు ఎవరైనా ఈ పేజీ చదువుతూ ఉంటే ఒక మాట: నేను ముప్ఫై ఏళ్ళ పైన సైన్సు చెప్పాను. ఒక కొలత తప్పినప్పుడు రెండో కొలత వెతకాలని నా తరగతిలో నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ ఆ టిక్కీ నా కళ్ళ ముందు వేలాడేది.

1987 లో తెల్లదోమ మా రెండు జిల్లాల పత్తినీ రసం పీల్చి పాడుచేసింది. అప్పులు తీర్చలేక ఎన్నో ఇళ్ళు చితికిపోయాయి. మేము ఎద్దుల జతను అమ్ముకున్నాం. తరువాత వచ్చిన శివరాత్రికి ప్రభకు కొత్త గుడ్డ కొనే శక్తి ఊళ్ళో లేదు. మా నాయన ఇల్లిల్లూ తిరిగి పాత చీరలు అడిగి తెచ్చాడు. అమ్మా మరి నలుగురు ఆడవాళ్ళూ వాటిని కుట్టారు. అన్ని రంగుల ప్రభను నేను మళ్ళీ చూడలేదు.

నా పిల్లలకు ఆయన వేసవి సెలవుల తాతయ్య. ముంజలు తిన్న తరువాత మిగిలిన రెండు కాయలను పుల్లకు గుచ్చి, పంగలకర్రతో తోస్తే అది ముంజకాయల బండి. ఆ బండి ఊళ్ళో ప్రతి పిల్లవాడూ చేస్తాడు. కాని తాతయ్య చేసిన బండికి ఇరుసు రెండు కొనలా సన్నని సీలలు ఉండేవి, చక్రం జారిపోకుండా. మా అమ్మాయి ఒకసారి, "తాతయ్యా, రెండు రోజులకు ఎండిపోయే బండికి సీలలెందుకు?" అని అడిగింది. "రెండు రోజులు పరిగెత్తాలి గదమ్మా" అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు తన పిల్లలకు అట్లాగే చేసిపెడుతున్నది. నాకంటె దాని చేతిపని మేలు.

కొండ మీదికి ఘాట్ రోడ్డు పడిన తరువాత కూడా ఆయన మెట్ల దారినే ఎక్కేవాడు. 2006 కార్తిక మాసంలో పోయాడు. అంతటి భక్తుడు సోమవారం నాడే పోతాడని ఊళ్ళో అందరూ అనుకున్నారు. మంగళవారం పోయాడు. ఆ ముందు రోజు ఒంటిపూట భోజనం చేసి, సాయంత్రం పక్కింటివాళ్ళ గిలకకు నూనె వేసి వచ్చాడు.

ఆ సరుగుడు బద్దల సంగతి చెప్పలేదు గదూ? ఖంగుమన్న వాసం మొద్దును ఆయన చెక్కి మిరపకాయలు దంచే రోకలి చేశాడు. దాన్ని మా చెల్లెలు కాపురానికి పట్టుకెళ్ళింది. నిలువునా కోసిన రెండు బద్దలకూ తొమ్మిది మెట్లు దిగ్గొట్టి గడ్డివాము ఎక్కటానికి నిచ్చెన చేశాడు. ఇప్పుడు గడ్డివామూ లేదు, ఎద్దులూ లేవు. ఇంటి అటక ఎక్కటానికి ఆ నిచ్చెననే వాడుతున్నాం. మెట్లు వెదురువి గనుక మూడు మార్చవలసి వచ్చింది. పక్కబద్దలు మాత్రం అవే. మొన్న మా మనవడు అటక మీది పాత మోకు తీస్తానని దాని మీద సగం దాకా ఎక్కి, ఆగి, వేలి కణుపులతో తట్టి చూశాడు. ఎవరు చెప్పారో తెలియదు.